ఒడినిండా పచ్చి జొన్న

పోయిన వారం మా మనవరాలి బడివాళ్లు పిల్లలందరినీ బస్సెక్కించి నాయుడుపేట దారిలో ఎవరిదో తోటకు తీసుకుపోయారు. పశువులకు మేత పెట్టడం నేర్పిస్తారట. పిల్లకు ఐదేళ్లు. ఇంట్లో ఎవరికీ తీరిక లేదని తోడుగా నన్ను పంపారు. బడివాళ్లు ఇచ్చిన కాగితంలో, మేత పెట్టడం వల్ల పిల్లలకు బాధ్యత, కరుణ, ఓర్పు అలవడతాయని అచ్చు వేసి ఉంది. బాగానే ఉందిలే అనుకున్నాను. మా కాలంలో మాకు ఏమేం అలవడతాయో ఎవరూ కాగితం రాసివ్వలేదు. పొద్దున లేచి పేడ ఎత్తకపోతే వీపు చిట్లేది, అంతే.

తోటలో నాలుగు మేకలు, రెండు ఆవులు, ఒక గూడు నిండా కుందేళ్లు ఉన్నాయి. పిల్లల చేతికి తలా ఒక అవిశాకు రెమ్మ ఇచ్చారు. నేను నీడ చూసుకుని నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చున్నానో లేదో, ఒక మేక తల విదిలిస్తూ, గొంతు చాపి, కళ్లు తేలేసింది. తోట మనిషి పరుగెత్తుకొచ్చి, దీనికి ఎవరేం పెట్టారు అని గట్టిగా అడిగాడు. పాతికమంది పిల్లలు కిక్కురుమనలేదు. టీచర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.  

అప్పుడు మా పిల్ల, తరగతిలో ఎత్తినట్టు చెయ్యి పైకెత్తి, "నేనే పెట్టినా. బిస్కెట్టు. కవరుతో పాటు పెట్టేసినా" అంది.

ఆ మనిషి మేక దవడ పట్టి తెరిచి, వేలు పెట్టి కవరు బయటికి లాగేశాడు. మేక రెండుసార్లు దగ్గి, ఏమీ జరగనట్టు పక్క పిల్లవాడి చేతిలో ఆకు మీదికి పోయింది. టీచరు పిల్లను కాస్త కోప్పడింది. నిమిషంలో అంతా అయిపోయింది.  నేను మాత్రం ఆ తొట్టి గట్టు మీదే కూర్చుండిపోయాను. ఆ మాట ఆ బుడతదాని నోటినుంచి అంత తేలిగ్గా ఎట్లా వచ్చింది! తొమ్మిదేళ్ల వయసులో అదే మాట నన్ను అడిగినప్పుడు నిజం నా నోట రాలేదే. బస్సులో తిరుపతి చేరేదాకా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. అవ్వకు ఎండ తగిలిందని మా పిల్ల అందరికీ చెప్పుకుంది.

మాది సత్యవేడుకు నాలుగు మైళ్ల దూరంలో ఒక చిన్న పల్లె. అరవదేశం ఎంత దగ్గరంటే, మా ఊళ్లో వాళ్లు ముద్దు చేసేటప్పుడు తెలుగులోనూ, తిట్టేటప్పుడు అరవంలోనూ మాట్లాడేవాళ్లు. ఇంటికీ పశువుల కొట్టానికీ మధ్య ఒకటే మట్టిగోడ. పడుకుంటే గోడకు అవతల ఎద్దులు నెమరేస్తున్న చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు లేనిదే నాకూ తమ్ముడికీ నిద్ర పట్టేది కాదు. తమ్ముడు నాకంటే మూడేళ్లు చిన్న. నాయన, అమ్మ, నాయనను కన్న అవ్వ, మేమిద్దరం. నాయన దున్నేవాడు, అమ్మ వండేది, కొట్టం పెత్తనమంతా అవ్వది. మేము అవ్వకు జీతం లేని పాలేర్లం.

పొద్దున్నే నా పని కుడితి కలపడం. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, దోసెడు తవుడు, నానబెట్టిన చెనక్కాయ చెక్క. అదంతా తొట్టిలో పోసి మోచేతి దాకా చెయ్యి పెట్టి కలపాలి. ఊరికే కలిపితే అవ్వ ఒప్పుకోదు. తొట్టి అడుగంతా తడిమి చూడాలి. రాయి ఉందేమో, సూది పడిందేమో, అమ్మ తలలోని పిన్ను జారిందేమో చూడాలి. "దానికి సేతుల్లేవు గదా పాపా, ఏరుకోని తినేదానికి. నువ్వే సూడల్ల" అనేది. ఆ పులిసిన తవుడు వాసన బడికి పోయినా నా చేతిని వదిలేది కాదు. పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. నాకు మాత్రం ఆ వాసన ఇష్టం.

తమ్ముడి పని ఎండుగడ్డి విదిలించి వెయ్యడం. గడ్డివామి కింద దూరి పీకేటప్పుడు వాడి తల నిండా పొట్టు ఉండేది. ఒకసారి వాడు విదిలించకుండానే గడ్డి వేసి గోలీలాటకు పరుగెత్తాడు. అవ్వ ఏమీ అనలేదు. మధ్యాహ్నం వాడికి సంగటి ముద్ద పెట్టి, పక్కన ఊరిబిండి పచ్చడి వేసి, దాని మీద చారెడు పొట్టు చల్లింది. వాడు అవ్వ మొహం చూశాడు. తిను నాయనా, పశువు తింటా ఉండాది గదా, నీకేం వచ్చింది అంది. వాడు ఏడుస్తూ పొట్టు ఒక్కొక్కటే ఏరి పారేస్తూ తిన్నాడు. ఆ తర్వాత వాడు గడ్డి విదిలిస్తే వీధి చివరికి వినిపించేది.

మేమేమీ సత్తెకాలపు పిల్లలం కాదు. ఎద్దులకు ఉలవలు ఉడికేటప్పుడు ఆ ఆవిరి వాసనకు నోరూరి చచ్చేవాళ్లం. అవ్వ అటు తిరగ్గానే కుండలో చెయ్యి పెట్టి చెరో గుప్పెడు, అంత ఉప్పు చల్లుకుని, వామి వెనక్కి. కొన్నాళ్లకు అవ్వకు తెలిసింది. ఎద్దుల తిండి తిన్నవాళ్లు ఎద్దుల పని కూడా చేయాల్సిందే అని, గుంటకకు తాడు కట్టి మా ఇద్దరి భుజాల మీద వేసి, ఇంటి ముందర మూడు చుట్లు లాగించింది. దారినపోయేవాళ్లు నిలబడి నవ్వారు. ఈ కోడెలు ఎక్కడ కొన్నావు పెద్దమ్మా అని ఒకాయన అడిగాడు కూడా. సిగ్గుతో చచ్చాం. మర్నాటినుంచి అవ్వే కుండ దించుతూ ముందుగా మాకు చెరో గుప్పెడు పెట్టేది. అడిగి తినండి, అడిగితే నేను లేదంటానా అనేది.

ఆ ఏడు మా కొట్టంలో ఎద్దులూ, సంతలో కొన్న ఒక చిన్న దూడా కాక ఒక పెయ్య ఉండేది. ఎర్రది, నొసట తెల్లచుక్క. అది మాది కాదు. ఎదురింటి పెద్దమ్మది. ఆమెకు మొగుడు పోయాడు, పిల్లలు లేరు, మోకాళ్ల నొప్పులు. మేపలేక దూడగా ఉన్నప్పుడే మాకు ఇచ్చింది. సగానికి మేపడమని మా వైపు ఒక పద్ధతి ఉండేది. పశువు ఒకరిది, మేత ఇంకొకరిది. తొలి ఈత దూడ మేపినవాళ్లకు, రెండోది సొంతదారుకు. రోగమొచ్చి పశువు చస్తే దేవుడి మీద వేసి ఇద్దరూ ఊరుకోవాలి. మేపినవాళ్ల చేతిలో చస్తే మాత్రం బదులు పశువు కట్టాలి. కాగితాలేమీ ఉండవు. మాటే.

పెద్దమ్మ రోజూ సాయంత్రం వీధి దాటి వచ్చేది. వచ్చి దాని గంగడోలు గోకుతూ, దానితోనే మాట్లాడేది. ఏమి తిన్నావు, ఎట్ట పండుకున్నావు, ఈ పిల్లోళ్లు నిన్ను బాగా సూసుకుంటా ఉండారా అని అడిగేది. అది మెడ చాచి ఆమె భుజం మీద గడ్డం పెట్టేది. నాకు ఈర్ష్య. దానికి మేత పెట్టేది నేను, అది గడ్డం పెట్టేది ఆమె మీద.

పెయ్యకు నెలలు నిండాయి. ఈనితే జున్ను చేసి పెడతానని అవ్వ మాకు మాట ఇచ్చింది. తమ్ముడు పుట్టాక మా ఇంట్లో పాడి లేదు. వాడు అంబలి మీద పెరిగినవాడు, జున్ను ఎట్లా ఉంటుందో వాడికి తెలియదు. అది తియ్యగా ఉంటుందా, మెత్తగా ఉంటుందా, కొరికితే జారిపోతుందా అని రోజూ నన్ను పీడించేవాడు. నేనూ తిన్నది ఒకేసారి. అయినా పెద్ద తెలిసినదానిలాగా వర్ణించి చెప్పేదాన్ని.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. బీళ్లలో కసువు మాడిపోయింది. గడ్డివామి రోజురోజుకూ కరిగిపోతోంది. నెలలు నిండిన పశువని పది రోజులుగా పెయ్యను బయటికి వదలకుండా కట్టుకొయ్యకే కట్టేసి ఉంచారు. నేను ఎండుగడ్డి వేస్తే అది వాసన చూసి, తలెత్తి నా వైపు చూసేది. తిట్టినా పడేదాన్ని గానీ ఆ చూపు పడలేకపోయేదాన్ని. కడుపుతో ఉన్నదానికి ఒక్క పచ్చి పరక పెట్టలేకపోతున్నానే అని నాకు ఏడుపొచ్చేది.

అప్పుడొక వాన పడింది. ఒక్కటే వాన, ఒక్క సాయంత్రం. నాలుగో రోజుకు బడి దారిలో మునసబుగారి చేను పచ్చబడింది. అంతకుముందు జొన్న కోసేసిన చేను అది. ఎండిన మొదళ్లలోనుంచి జానెడు పిలకలు లేచాయి. ఊరంతటికీ అదొక్కటే పచ్చన. ఆ పక్కకు పోవద్దని నాయన మాకు చెప్పాడు. ఆ దారిన ఎద్దులను తోలుకుపోయేటప్పుడు వాటి మూతులకు చిక్కాలు కట్టేవాడు. నేను చూశాను. మునసబు చేనులో మూతి పెడితే గొడవవుతుందని కట్టాడనుకున్నాను. తొమ్మిదేళ్లదానికి ఇంకేం తోస్తుంది? కొట్టంలో పెరిగినదాన్నని నాకు గొప్ప. ఆ చిక్కం ఎందుకో ఒక్కమాట ఎవరూ నాకు చెప్పలేదు. ఊళ్లో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతని చెప్పాలని ఎవరికీ తోచలేదు.

కోసిన జొన్న మొదళ్లకు, బెట్ట మీద వాన పడి వచ్చే పిలకల్లో విషం ఉంటుంది. మా వైపు దాన్ని నాము అంటారు. పశువు దాన్ని తింటే గంట గడవడం కష్టం.

ఆరోజు సెలవు. మిట్టమధ్యాహ్నం. అవ్వ కునుకు తీస్తోంది. అమ్మ చెనక్కాయలు వొలుస్తూ గోడకానుకుంది. నాయన ఎద్దులతో బావి దగ్గర ఉన్నాడు. నేను కొడవలి తీసుకుని దొంగలాగా, కాదు, దొంగగానే మునసబు చేనులోకి పోయాను. వంగి వంగి కోసి, పావడ ఎత్తి ఒడినిండా నింపుకున్నాను. దారిలో ఒక పిలక నోట్లో వేసుకుని నమిలాను. కొంచెం తీపి, కొంచెం చేదు. నా గుండె ఎంత పొంగిపోయిందో! దొంగతనం చేస్తున్న భయం ఒక పక్క, ఈ పచ్చదనం చూసి పెయ్య ఏమంటుందో అన్న సంబరం ఒక పక్క.

పెయ్య కట్టుతాడు తెగేటట్టు ముందుకు లాగింది. నా చేతిలోనుంచి లాక్కుని లాక్కుని తినింది. నమిలే చప్పుడుకు నాకు ఒళ్లు పులకరించింది. ఒడి ఖాళీ అయ్యాక గరుకు నాలుకతో నా అరచెయ్యి నాకి, నా భుజం మీద గడ్డం పెట్టింది. అంతవరకూ అది నాకు ఎప్పుడూ అట్లా పెట్టలేదు. పావడ దులుపుకుని, ఎవరికీ కనపడకుండా వసారాలోకి వచ్చి కూర్చున్నాను. నా అంత అదృష్టవంతురాలు భూమ్మీద లేదనుకున్నాను.

కాసేపటికి కొట్టంలో దబ్బున చప్పుడయింది. అమ్మ ముందు లేచి చూసింది. పెయ్య పడి ఉంది, కాళ్లు తన్నుకుంటోంది. అమ్మ లోపలికి కేకేసి, పెయ్యకు నొప్పులొచ్చినట్టున్నాయని అవ్వను లేపింది. అంతే, ఇంట్లో పండగలాగా అయింది. అవ్వ కొంగు బిగించి, ఆముదం తెమ్మంది, వేన్నీళ్లు కాచమంది. తమ్ముడు నిద్రలేచి జున్ను జున్ను అని ఎగిరాడు. ఎదురింటి పెద్దమ్మ మోకాళ్లు పట్టుకుని గబగబా వచ్చింది. ఎవరో బావి దగ్గరికి పరుగెత్తి నాయనను పిలుచుకొచ్చారు. నేనూ ఎగిరాను.  నేనూ తమ్ముడి చేతులు పట్టుకుని, దూడ వస్తోంది, దూడ వస్తోంది అని ఎగిరాను.

అవ్వ పెయ్య వెనక కూర్చుని పొట్ట తడిమింది. తడుముతూ తడుముతూ ఆగిపోయింది. పెయ్య ఊపిరి ఈదురుగాలిలాగా ఉంది. మూతినుంచి నురగ కారుతోంది. కళ్లు పైకి తిరిగాయి. అవ్వ ముందుకొచ్చి దాని మూతి దగ్గర వాసన చూసింది. "ఏమ్మే, పచ్చిది ఏమన్నా ఏసినారా దీనికి?" అని అమ్మను అడిగింది. అమ్మ లేదంది. నాయన మధ్యలో అందుకుని, "పచ్చి కసువు యాడుందిమా ఊర్లో? పది నాళ్లయింది కట్టుకొయ్య ఇప్పి" అన్నాడు.

అప్పుడు అవ్వ నా వైపు తిరిగింది. "పాపా, నువ్వేమన్నా పెట్టినావా?"

నా కళ్లముందు మునసబు కనిపించాడు. ఆయన చేతికర్ర కనిపించింది. చావడి ముందు నిలబెట్టి అడిగితే నాయన తల ఎక్కడ పెట్టుకుంటాడో కనిపించింది. పెయ్య పడడానికీ నేను పెట్టినదానికీ సంబంధం ఉందని నాకు తెలియదు. ఒట్టు, తెలియదు. దొంగతనం బయటపడుతుందన్న భయం ఒక్కటే. "ఎండుగడ్డే అవ్వా" అన్నాను.

అవ్వ ఇంకోసారి అడగలేదు. రెండేళ్లుగా కొట్టం పనిలో నేను చెప్పిన మాటను ఆమె ఎప్పుడూ ఇంకోసారి అడిగి ఎరుగదు. తొట్టి తడిమానంటే తడిమినట్టే, నీళ్లు పెట్టానంటే పెట్టినట్టే. సరేలే అని లేచి, మళ్లీ పెయ్య వెనక్కి పోయి కూర్చుంది. దూడ అడ్డం తిరిగిందేమో అంది. చేతులకు ఆముదం రాసుకుంది. ఒక మనిషి సైకిలెక్కి సత్యవేడు పశువుల ఆసుపత్రికి బయలుదేరాడు. ఈత కష్టమైందని చెప్పమని నాయన అతనికి చెప్పి పంపాడు.

ఆ మనిషి ఊరి పొలిమేర దాటాడో లేదో, పెయ్య నాలుగు కాళ్లూ ఒక్కసారి బిగదీసి చాపేసింది.

 పెద్దమ్మ ఒక్కతే పాకుతూ పోయి దాని పొట్టకు చెవి ఆనించింది. ఆనించి, తలెత్తకుండానే, "లోపల కదల్తా ఉండాదిరా. ఇంగా కదల్తా ఉండాది" అంది. నాయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కాసేపటికి, కదలడం లేదని ఆమే చెప్పింది.

నాకు ఏడుపు కూడా రాలేదు. గుంజకు ఆనుకుని నిలబడి చూస్తున్నాను. అవ్వ పెయ్య దవడ తెరిచింది. పళ్ల సందున ఇరుక్కున్న పచ్చటి ఆకు ఒకటి లాగింది. వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత నా మొహం చూసింది. నా పావడ చూసింది. పావడ కుచ్చిళ్ల నిండా తడిమన్ను, పచ్చి మరకలు. అవ్వ ఆ ఆకును గుప్పిట్లో మూసేసింది. చుట్టూ ఇరుగుపొరుగు ఉన్నారు.  కానీ నాయన చూశాడు. అప్పటికి నాకు అర్థమైంది, నేను ఏం చేశానో. 

పెయ్యను బండిమీద తీసుకుపోయాక, ఇంకా పొద్దు ఉండగానే, నాయన నన్ను పిలిచాడు. చర్మం వొలిచేస్తాడనుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచాడు. అమ్మ అడ్డమొచ్చింది. ఈనలేక చచ్చిందని ఊరంతా అనుకుంటోంది, అట్లాగే ఉండనీ, చిన్నబిడ్డను ఎందుకు లాక్కుపోతావు అని బతిమాలింది.

నాయన గొంతు పెంచలేదు. "ఆయమ్మ పెయ్య అది. ఎట్ట సచ్చిందో ఆయమ్మకి తెలియల్ల" అన్నాడు.

పెద్దమ్మ చీకటి నడవలో నేల మీద కూర్చుని ఉంది. నాయన నన్ను ఆమె ముందు నిలబెట్టి, చెప్పు అన్నాడు. నేను చెప్పాను. ఎట్లా చెప్పానో తెలియదు. మునసబు చేనులో జొన్న పిలకలు కోసి పెట్టానని, అవ్వ అడిగితే లేదన్నానని చెప్పాను.  పెద్దమ్మ ఒక్క ఉదుటున లేచి నా దవడ పట్టుకుంది. కొడుతుందని కళ్లు మూసుకున్నాను. ఆమె నన్ను వాకిట్లోకి, వెలుతురులోకి ఈడ్చుకుపోయి నోరు తెరిపించింది.

"నువ్వు గాని నోట్లో ఏసుకున్యావా? నిజం సెప్పు తల్లీ. ఎంత తిన్యావు?"

ఒకటి నమిలానన్నాను. ఆమె మోకాళ్ల నొప్పి ఎక్కడికి పోయిందో, లోపలికి పరుగెత్తింది. బెల్లం గడ్డ చెంబులో వేసి చేత్తో నలిపి, ఆ నీళ్లు నా చేత గుక్క తిప్పుకోకుండా తాగించింది. వాంతి వస్తోందన్నా వదల్లేదు. దీపం పెట్టే వేళదాకా నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, మణికట్టు పట్టుకుని చూసింది, నోటి దగ్గర వాసన చూసింది, తల తిరుగుతా ఉండాదా అని పదిసార్లు అడిగింది. ఆ మధ్యాహ్నమే ఆమె పెయ్యనూ, పెయ్య కడుపులో దూడనూ పొట్టన పెట్టుకున్నదాన్ని నేను. కొట్టినా, తిట్టినా నాకు అర్థమయ్యేది. ఆ ఒడే నాకు అర్థం కాలేదు. 

ఇంటికొచ్చి పడుకున్నాక అవ్వ పక్కన చేరాను. అడగాలంటే భయం, అడక్కపోతే ఊపిరాడదు. నువ్వు అడిగినప్పుడే నేను చెప్పి ఉంటే, పెద్దమ్మ నాకు పోసినట్టు పెయ్యకు బెల్లం నీళ్లు పోసి ఉంటే, అది బతికేదా అవ్వా అని అడిగాను.

"లేదు" అంది అవ్వ. ఆలోచించలేదు, తడుముకోలేదు. "నాము తిన్యాక బెమ్మదేవుడు దిగొచ్చినా అంతే. నువ్వు సెప్పినా సచ్చేదే. పండుకో."

ఆ మాట పట్టుకునే నేను పెరిగి పెద్దదాన్నయ్యాను.

పద్ధతి ప్రకారం నాయన మా ఎద్దుల పక్కన పెరుగుతున్న దూడను తీసుకుపోయి పెద్దమ్మ ఇంటిముందు కట్టేశాడు. వద్దని ఆమె రెండుసార్లు తోలుకొచ్చి వదిలింది. నాయన రెండుసార్లూ మళ్లీ తోలుకుపోయాడు. ఆ దూడ తమ్ముడికి ప్రాణం. వాడు నెలరోజులు నాతో మాట్లాడలేదు. జున్ను ఊసు ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

నన్ను ఇక కొట్టంలోకి రానివ్వరనుకున్నాను. మర్నాడు ముసుగు తన్ని పడుకుంటే అవ్వ వచ్చి దుప్పటి లాగేసింది. "కుడితి ఎవురు కలుపుతారు, మీ తాతా?" అంది. లేచి పోయి తొట్టిలో చెయ్యి పెట్టాను. ఏడుస్తూనే అడుగంతా తడిమాను. ఎద్దులు నా చేతి కుడితి తాగాయి. అవి తాగుతుంటే నేను వాటి మొహాలు చూడలేకపోయాను. అవ్వ గుంజ దగ్గర నిలబడి, కలిపావా, తడిమావా అని ఎప్పటిలాగే అడిగింది. తడిమానన్నాను. సరే అని వెళ్లిపోయింది.

తర్వాత నన్ను చిత్తూరు పక్క పల్లెకు ఇచ్చారు. అక్కడ నేనూ రెండు పాడి ఆవులు పెట్టుకున్నాను. అప్పటికి అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఒకసారి గాలికుంటు సూదులు వెయ్యడానికి పశువుల డాక్టరు వచ్చాడు, కుర్రవాడు. సూది కడుక్కుంటుంటే, ఎవరిదో సంగతి అడిగినట్టు, నాము తిన్న పశువు బతుకుతుందా నాయనా అని అడిగాను. వెంటనే తెలిస్తే చాలావరకు బతుకుతుందమ్మా అన్నాడు. బెల్లం నీళ్లు పట్టించి, ఆలోగా మేమొచ్చి సూది వేస్తే గంటలో లేచి నిలబడుతుంది, ఎన్నిటినో లేపాం అన్నాడు. ఇప్పుడంటే సరే, ఆ కాలంలో ఎట్లా అన్నాను.

"ఏమ్మా, ఆ కాలంలో బెల్లం లేదా?" అని నవ్వాడు.

నా చేతిలోని పలుపు జారిపోయింది. ఆవు చేలోకి పోతుంటే ఆ డాక్టరే పట్టుకొచ్చి కట్టాడు. ఆ వారమే బస్సెక్కి పుట్టింటికి పోయాను. అమ్మ అప్పటికి ముసలిదైపోయింది, చెవులు సరిగ్గా వినపడవు. నాము తింటే బెల్లం నీళ్లకు బతుకుతుందన్న సంగతి అవ్వకు తెలియదా అని గట్టిగా అరిచి అడిగాను.

అమ్మ నన్ను వింతగా చూసింది. "మీ అవ్వకి తెలీదా? ఊర్లో మూడు గొడ్లని లేపిన మనిషి."

మరి నాకెందుకు అట్లా చెప్పింది అని అడిగాను.   అమ్మ కొంగు చివర మడుస్తూ, నువ్వు నిద్రపోయాక ఆరోజు మీ అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది అంది. ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే అంది.

"ఇంగోసారి అడిగింటే సెప్పుండేదిమే ఆ బిడ్డ. నేనే అడగలేదు, అనింది మీ అవ్వ."

 పెయ్యను చంపింది నేను. చెప్పాల్సిన వేళ చెప్పనిది నేను. ఆ తప్పంతా ఆమె తన నెత్తిన వేసుకుని, నాకు తెలియనివ్వకుండా, రోజూ నా పక్కనే పడుకుని, రోజూ నా చేత కుడితి కలిపించి, అట్లాగే పోయింది.

నిజంగా అవ్వ ఇంకోసారి అడిగి ఉంటే చెప్పేదాన్నా? ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఆ కొట్టంలో నిలబడ్డానో లెక్కలేదు. అవ్వ అడుగుతుంది, నేను నోరు తెరుస్తాను. చెప్పేదాన్నని ఒట్టు పెట్టి అనడానికి నాకు ఈరోజుకీ ధైర్యం చాలడం లేదు.